పాత జీపుకి కొత్త ముందుకాళ్ళు

పాత జీపు ముందు భాగంలో ఉన్న సస్పెన్షన్ తీసేసి, కొత్త బండిది పెట్టొచ్చా? సీఎస్ఈ వాడికి ఈ గొడవ ఎందుకు అని మెకానికల్ ఫ్రెండ్స్ నవ్వుతారని తెలుసు. కానీ ఈ ప్రశ్న నేను వెతుక్కున్నది కాదు, నా దగ్గరకే వచ్చింది.

మా మావయ్యది అమలాపురం దగ్గర కొబ్బరి వ్యాపారం. ఆయన దగ్గర వెనక తొట్టి ఉన్న పాత మహీంద్రా జీపు ఒకటి ఉంది. టూ వీల్ డ్రైవ్. తోటల్లో దింపు అయ్యాక కాయలు అంబాజీపేట మార్కెట్టుకి చేరేది దాని మీదే. ఖాళీగా వెళ్తే నడుము పడిపోతుంది. 50 దాటితే స్టీరింగ్ వణుకుతుంది. తెలిసిన మేస్త్రీ ఒకాయన చూసి, "బొలేరో ముందు సెట్టు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుద్దండి. పాతది కోసేసి అది వెల్డింగ్ కొట్టేద్దాం. కారులా వెళ్ళిపోద్ది, ఆయ్" అన్నాడట. మావయ్య నాకు ఫోన్ చేసి, "ఏరా, నువ్వు ఇంజనీరింగే కదా, కాస్త చూసి చెప్పు" అన్నాడు. ఆయన దృష్టిలో ఇంజనీరింగ్ అంతా ఒకటే బ్రాంచి.

ఆయన అడిగాడు కాబట్టి చదివాను. చదివితే అర్థమైంది ఏంటంటే, "పడుతుందా?" అన్నది ఇక్కడ రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న "పాతది ఏమేం పనులు చేస్తోంది?" అనేది. ఈ వ్యాసం మొత్తం ఆ మొదటి ప్రశ్న గురించే.

కావడి, ప్రభ

పాత జీపు ముందు చక్రాలు రెండూ ఒకే ఇనుప యాక్సిల్‌కి చెరో చివర ఉంటాయి. ఆ యాక్సిల్ రెండు కమాను పట్టీల మీద, అంటే లీఫ్ స్ప్రింగుల మీద, ఛాసీకి వేలాడుతుంది. దీన్ని రిజిడ్ యాక్సిల్ అంటారు. కావడి బద్దని ఊహించుకోండి. ఒక చివర పైకి లేస్తే రెండో చివర కిందకి వాలుతుంది. అలాగే ఎడమ చక్రం రాయి ఎక్కితే కుడి చక్రం కూడా ఒరుగుతుంది.

ఇండిపెండెంట్ సస్పెన్షన్ అంటే రెండు చక్రాలకీ సంబంధం తెంచేయడం. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. గంగలకుర్రు ప్రభని భుజాల మీద మోస్తూ కౌశిక కాలువ దాటిస్తారు కదా. కాలువ అడుగున నేల ఒక్కొక్కరి కాలి కింద ఒక్కోలా ఉంటుంది. ఎవరి మోకాలు వాళ్ళు వంచుకుంటారు, పైన ప్రభ మాత్రం నిటారుగా ఉంటుంది. ప్రతి చక్రానికీ సొంత మోకాలు ఇవ్వడమే ఇండిపెండెంట్ సస్పెన్షన్. ఒక్కో చక్రాన్ని పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ పట్టుకుంటాయి. వాటి లోపలి చివరలు ఛాసీకి, బయటి చివరలు బాల్ జాయింట్ల ద్వారా చక్రానికి. బరువు మోయడానికి ఒక కాయిల్ స్ప్రింగు గానీ, మెలితిరిగే టోర్షన్ బార్ గానీ ఉంటుంది.

ఒక పట్టీకి ఐదు ఉద్యోగాలు

కమాను పట్టీని చూస్తే స్ప్రింగులాగే కనిపిస్తుంది. నిజానికి అది చేసేవి ఐదు పనులు.

ఒకటి, బరువు మోయడం. రెండు, యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టుకోవడం. మూడు, పక్కకి జరగకుండా ఆపడం. నాలుగు, బ్రేకు వేసినప్పుడు యాక్సిల్ చక్రంతో పాటు తిరిగిపోకుండా నిలపడం. ఐదు, పట్టీకీ పట్టీకీ మధ్య రాపిడితో ఊగుడుని కొంత తగ్గించడం.

మన భాషలో చెప్పాలంటే, ఒకే ఫంక్షన్ ఐదు పనులు చేస్తోంది, డాక్యుమెంటేషన్‌లో మాత్రం ఒక్కటే రాసి ఉంది. ఆ ఫంక్షన్ తీసేసి "బరువు మోయడం" మాత్రమే చేసే కొత్తది పెడితే కోడ్ కంపైల్ అవుతుంది. రన్ చేసినప్పుడు మిగతా నాలుగు పనులూ ఎక్కడో బయటపడతాయి. ఇక్కడ రన్ చేయడం అంటే మనుషులు కూర్చున్న బండిని రోడ్డెక్కించడం.

మరి జీపు ఎందుకంత గట్టిగా ఉంటుంది? పట్టీలని మెత్తగా చేసేస్తే పోలేదా? దీనికో చిన్న లెక్క ఉంది. బండి బరువుకి స్ప్రింగు ఎంత కుంగుతుందో తెలిస్తే, బండి సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పొచ్చు. 5 సెం.మీ. కుంగితే సెకనుకి సుమారు 2.2 సార్లు. 15 సెం.మీ. కుంగితే సుమారు 1.3 సార్లు. మొదటిది ఒంటిని కుదిపేస్తుంది, రెండోది కారులా ఉంటుంది. అంటే సుఖం కావాలంటే స్ప్రింగు బాగా కుంగాలి.

కానీ కమాను పట్టీ అంత మెత్తగా ఉంటే మిగతా ఉద్యోగాలు చెయ్యలేదు. బ్రేకు వేయగానే 'ఎస్' ఆకారంలో వంకర తిరుగుతుంది, యాక్సిల్ అటూ ఇటూ కదులుతుంది. ఇండిపెండెంట్ సస్పెన్షన్ గొప్పతనం ఇక్కడే ఉంది. చక్రాన్ని పట్టుకునే పని ఆర్మ్‌లది, మోసే పని స్ప్రింగుది, ఊగుడు ఆపే పని షాక్ అబ్జార్బర్‌ది. ఎవరి పని వాళ్ళది. అందుకే స్ప్రింగు మెత్తగా ఉన్నా ఇబ్బంది లేదు. మనం సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ క్లాసులో సెపరేషన్ ఆఫ్ కన్సర్న్స్ అని చదువుకున్నది ఇనుములో చేస్తే ఇలా ఉంటుంది.

వణుకు సంగతి కూడా చెప్పాలి. తిరుగుతున్న సైకిల్ చక్రాన్ని రెండు చేతులతో ఇరుసు దగ్గర పట్టుకుని పక్కకి వంచండి. అది మీ మాట వినకుండా ఇంకో దిశలో, స్టీరింగ్ తిప్పినట్టు, తిరగాలని చూస్తుంది. రిజిడ్ యాక్సిల్ ఒరిగినప్పుడు రెండు చక్రాలూ ఒకేసారి వంగుతాయి, రెండూ ఇలాగే స్టీరింగ్‌ని లాగుతాయి. జాయింట్లు వదులుగా ఉంటే ఆ లాగుడు ఆగకుండా అటూ ఇటూ కొట్టుకుంటుంది. 1930ల మొదట్లో అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఆలీ అనే ఇంజనీరు కార్లని మెత్తగా చెయ్యబోతే ఎదురైన చిక్కుల్లో ఇదొకటి. 1934 మోడల్ కార్లకి ఆ కంపెనీ ఇండిపెండెంట్ ముందు సస్పెన్షన్ తేవడం వెనక ఈ కథ ఉంది.

ఇలా మార్చినవాళ్ళు లేరా?

బోలెడు మంది ఉన్నారు. అమెరికాలో 1950ల నాటి ఫోర్డ్ ఎఫ్-100 పికప్ ట్రక్కులంటే ప్రాణం పెట్టేవాళ్ళున్నారు. వాటికి ముందు ఒకే దూలంలాంటి యాక్సిల్, కమాను పట్టీలు. చాలామంది వాటిని తీసేసి 1974-78 మధ్య వచ్చిన మస్టాంగ్ 2 కారు డిజైను సస్పెన్షన్ పెట్టుకున్నారు. తర్వాత 2003 నుంచి వచ్చిన ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా ముందు భాగం ఫ్యాషన్ అయింది. అందులో అల్యూమినియం క్రాస్‌మెంబర్, ఆర్మ్‌లు, స్టీరింగ్ ర్యాక్ అన్నీ కలిపి ఒకే సెట్టుగా ఊడి వస్తాయి. ఆ "ఒకే సెట్టుగా" అన్న మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మన దేశంలో కార్లకి ఇది ఎప్పుడో వచ్చేసింది. అంబాసిడర్‌కి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారుకే ముందు టోర్షన్ బార్ ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉంది. అంటే 1950ల చివర్లోనే మన తాతలు దాని మీద కూర్చున్నారు. జీపులు మాత్రం యుద్ధకాలపు విల్లీస్ పద్ధతినే నమ్ముకున్నాయి. నాలుగు మూలలా కమాను పట్టీలే.

మావయ్య ప్రశ్నకి దగ్గరైన నిజమైన ఉదాహరణ మాత్రం మహీంద్రా థార్. 2010లో వచ్చిన థార్ చూడ్డానికి పాత ఎంఎం 540 జీపుల తమ్ముడిలాగే ఉంటుంది. అందులో సీఆర్‌డీఈ మోడల్‌కి ముందు టోర్షన్ బార్‌తో ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనక కమాను పట్టీలు పెట్టారు. అదే పేరుతో వచ్చిన డీఐ మోడల్‌కి ముందు కూడా పట్టీలే. పాత జీపుకి కొత్త ముందుకాళ్ళు పెట్టే పని కంపెనీయే చేసిందన్నమాట. కాకపోతే కంపెనీ ఆ కాళ్ళకి తగ్గట్టు ఛాసీని డిజైన్ చేసింది, పరీక్షలు చేయించింది, అనుమతి తెచ్చుకుంది. మేస్త్రీ చేద్దామన్న పనికీ దీనికీ తేడా అక్కడుంది.

బలం ఎక్కడ దిగుతుంది?

పాత పద్ధతిలో ఒక్కో పట్టీ ఛాసీని రెండు చోట్ల తాకుతుంది. ఒక చివర ఒక పిన్ను, రెండో చివర ఒక షాకిల్, మధ్య దూరం దాదాపు మీటరు. చక్రం మీద పడిన బరువు ఈ రెండు చోట్లకీ పంచుకుపోతుంది.

ఇండిపెండెంట్‌లో అలా కాదు. ఉదాహరణకి కింది ఆర్మ్ పొడవు 36 సెం.మీ. అనుకుందాం. కాయిల్ స్ప్రింగు లోపలి పిన్ను నుంచి 20 సెం.మీ. దగ్గర కూర్చుంది. చక్రం మీద 400 కిలోల బరువు ఉంటే స్ప్రింగు మీద ఎంత? ఇది నూతి దగ్గర ఏతాం లెక్కే. 400 × 36 ÷ 20 = 720 కిలోలు. ఆ 720 కిలోలూ ఛాసీలో ఒకే చోట, స్ప్రింగు గిన్నె దగ్గర పైకి తంతాయి. ఇంకోటి, చక్రానికి తెలిసే గట్టిదనం స్ప్రింగు అసలు గట్టిదనంలో 20/36 వర్గం, అంటే సుమారు 0.31 వంతు మాత్రమే. కాబట్టి "ఈ స్ప్రింగు గట్టిగానే ఉంది, సరిపోద్దిలే" అని చేత్తో నొక్కి చెప్పే మాట ఇక్కడ చెల్లదు. వేరే బండి ఆర్మ్‌కి వేరే బండి స్ప్రింగు పెడితే లెక్క మొత్తం మారిపోతుంది.

ఇప్పుడు మలుపు తీసుకుందాం. బయటి టైరుని రోడ్డు 200 కిలోల బలంతో లోపలికి నెడుతోంది అనుకోండి. కింది బాల్ జాయింట్ నేల నుంచి 20 సెం.మీ. ఎత్తులో, పైది 45 సెం.మీ. ఎత్తులో ఉంటే, పై ఆర్మ్ ఛాసీని 160 కిలోలతో బయటికి లాగుతుంది. కింది ఆర్మ్ 360 కిలోలతో లోపలికి నెడుతుంది. రోడ్డు ఇచ్చింది 200, కింది బ్రాకెట్టు మోసేది 360. మేస్త్రీ కొట్టే వెల్డింగ్ ఆ బ్రాకెట్టు దగ్గరే ఉంటుంది. గుంటలో పడితే, బ్రేకు కూడా వేస్తే ఈ అంకెలు ఇంకా పెరుగుతాయి.

పాత ఛాసీ పొడవు కడ్డీలు చాలావరకు ఒక పక్క తెరిచి ఉన్న 'సి' ఆకారంలో ఉంటాయి. ఒక అట్టపెట్టె తీసుకుని ఒక పక్క అట్ట కోసేసి మెలిపెట్టి చూడండి, ఇట్టే తిరుగుతుంది. అన్ని పక్కలా మూసి టేపు వేసి మెలిపెట్టండి, కదలదు. అందుకే ఇలాంటి మార్పిడి చేసేవాళ్ళు ముందు ఆ 'సి'ని నాలుగు పక్కలా మూసి పెట్టెలా చేస్తారు. రెండు కడ్డీలనీ కలుపుతూ బలమైన క్రాస్‌మెంబర్ వేస్తారు. మా వైపు సముద్రపు గాలికి ఇనుము లోపలి నుంచి తినేస్తుంది. తుప్పు పట్టిన పల్చటి రేకు మీద వెల్డింగ్ పైకి ఎంత అందంగా కనబడినా, కింద పట్టు ఉండదు.

ఒక మిల్లీమీటరు స్టీరింగ్

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది ఈ భాగం. రిజిడ్ యాక్సిల్‌కి రెండు చక్రాలనీ కలిపే ఒకే టై రాడ్ ఉంటుంది. చక్రాలు విడివిడిగా ఎగిరితే అది పనికిరాదు. ఇండిపెండెంట్‌లో ఒక్కో చక్రానికీ వేరే టై రాడ్ ఉండాలి. అదీ సరైన పొడవులో, సరైన చోట.

చక్రం కిందకీ పైకీ కదిలినప్పుడు ఆర్మ్ చివర ఒక వృత్తం గీస్తుంది. టై రాడ్ చివర ఇంకో వృత్తం గీస్తుంది. రెండు వృత్తాలూ కలిసి నడిస్తే చక్రం నేరుగా చూస్తుంది. లేకపోతే ఎవరూ స్టీరింగ్ తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. దీన్ని బంప్ స్టీర్ అంటారు.

లెక్క చూద్దాం. ఆర్మ్ 40 సెం.మీ., టై రాడ్ 30 సెం.మీ., రెండూ మొదట అడ్డంగా సమానంగా ఉన్నాయి. చక్రం 5 సెం.మీ. కదిలింది. ఆర్మ్ చివర సుమారు 3.1 మి.మీ. లోపలికి జరుగుతుంది, టై రాడ్ చివర సుమారు 4.2 మి.మీ. జరుగుతుంది. తేడా ఒక మిల్లీమీటరు. చక్రాన్ని తిప్పే స్టీరింగ్ ఆర్మ్ 15 సెం.మీ. అయితే ఆ మిల్లీమీటరుకి చక్రం సుమారు 0.4 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఆ చక్రం చూసే చూపు 10 మీటర్ల దూరంలో 7 సెం.మీ. పక్కకి పోతుంది. రెండు చక్రాలూ ఒకేలా కదిలితే ఎదురెదురు లాగుళ్ళు సరిపోయి టైర్లు మాత్రం అరుగుతాయి. ఒక్క చక్రమే గుంటలో పడితే బండి ఒక పక్కకి లాగుతుంది. హైవే మీద ఇది చిరాకు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను, ఎదురుగా ఆటో ఉన్న గట్టు రోడ్డు మీద ఆ పక్కకి లాగుడికి చోటు లేదు.

ఇప్పుడు "ఒకే సెట్టుగా" అన్న మాటకి వద్దాం. క్రౌన్ విక్టోరియా సెట్టు అమెరికాలో ఎందుకు అంత నచ్చిందంటే, ఆర్మ్‌లు, ర్యాక్, టై రాడ్‌లు కంపెనీ పెట్టిన కొలతల్లోనే ఉండిపోతాయి. వాటి మధ్య సంబంధం చెడదు. ఒక బండి ఆర్మ్‌లు, ఇంకో బండి స్టీరింగ్ పెట్టెలు కలిపితే ప్రతి భాగమూ మంచిదే, వాటి మధ్య సంబంధం మాత్రం ఎవరూ డిజైన్ చేయలేదు. అన్నీ ఒకే సెట్టుగా తెచ్చినా, ఛాసీ మీద అది కూర్చునే చోట కుడి ఎడమలు సమానంగా ఉండాలి. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దూరం రెండు పక్కలా కొలవాలి, మూలమూలకీ దూరం కొలవాలి. ఛాసీ ఏ వాలులో ఉంటుందో దాన్ని బట్టే క్యాస్టర్ కోణం వస్తుంది కాబట్టి, ఆ వాలు లోడు వేసినప్పుడు ఎంతో చూసి మరీ వెల్డింగ్ చెయ్యాలి. తొట్టినిండా కాయలు వేస్తే వెనక కుంగుతుంది, ముందు లేస్తుంది. ఖాళీ బండి మీద తీసిన కొలత ఆ రోజుకి సరిపోదు.

బ్రేకులు కూడా దీంతోపాటే మారతాయి. కొత్త ముందు సెట్టుకి డిస్కులు ఉంటాయి. పాత డ్రమ్ముల కోసం పెట్టిన మాస్టర్ సిలిండర్ వాటికి సరిపోకపోవచ్చు. ముందు వెనకల పట్టు సమంగా లేకపోతే తడి రోడ్డు మీద బండి తిరిగిపోతుంది.

చట్టం

ఇంత చదివాక కూడా "నేను అన్నీ లెక్కపెట్టి చేయిస్తా" అనుకునేవాళ్ళుంటారు. వాళ్ళకి మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ఎదురవుతుంది. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి భిన్నంగా యజమాని బండిని మార్చకూడదని దాని సారాంశం. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో సెక్షన్ 182ఏ వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

నాకు మొదట ఇది అన్యాయం అనిపించింది. మన బండి మన ఇష్టం కదా అని. పైన లెక్కలు వేశాక అలా అనిపించలేదు. ఎదురుగా వచ్చే ఆటోలో ఉన్నవాళ్ళకి మన వెల్డింగ్ మీద ఓటు లేదు.

మావయ్యకి ఏం చెప్పాను?

కొత్తది అంటే ఇండిపెండెంటే అని కూడా అనుకోకూడదు. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన మారుతి సుజుకి జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిలే, కాకపోతే కాయిల్ స్ప్రింగులతో. పాత పద్ధతి చెడ్డది కాదు. దానికి తగిన పని దానికుంది. బరువు మోసే, నిదానంగా వెళ్ళే బండికి కమాను పట్టీ చవక. పట్టీ ఒకటి విరిగినా నెమ్మదిగా ఊరు చేరొచ్చు. బాల్ జాయింట్ ఊడితే చక్రం అక్కడికక్కడే మడిచేస్తుంది.

అందుకే మావయ్యకి ఒక జాబితా రాసి పంపాను. పట్టీలు విప్పించి తుప్పు గీకించి గ్రీజు పెట్టించడం. తుప్పుకి పట్టీలు ఒకదానికొకటి అంటుకుపోతే చిన్న గతుకులకి స్ప్రింగు కదలనే కదలదు, కుదుపు నేరుగా మనకే వస్తుంది. బుష్‌లు, షాకిల్ పిన్నులు మార్చడం. కింగ్ పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, వీల్ బేరింగుల్లో ఆట ఉందేమో చూడడం. షాక్ అబ్జార్బర్లు కొత్తవి. చక్రాల బ్యాలెన్సింగ్, క్యాస్టర్ కోణం, టైర్లలో గాలి.

"అంటే కొత్తది వద్దంటావ్, అంతేగా?" అన్నాడు.

"ముందు పాతది దాని పని అది చేస్తోందో లేదో చూద్దాం మావయ్యా" అన్నాను.

విప్పి చూస్తే బుష్‌లు కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిపోయి ఉన్నాయి. కింగ్ పిన్ దగ్గర ఆట చేత్తో ఊపితేనే తెలిసింది. అవి మార్చాక వణుకు పోయింది. ఖాళీగా వెళ్తే కుదుపు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, పోదు కూడా. లోడు కోసం కట్టిన పట్టీ ఖాళీ బండిని ఊయల ఊపదు. మావయ్య ఆ విషయం ఫోన్ చేసిన ప్రతిసారీ గుర్తుచేస్తూనే ఉంటాడు.

ఏ పాత వ్యవస్థనైనా పీకి కొత్తది పెట్టేముందు మనం కూడా మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. పాతది పైకి చెప్పకుండా ఏయే పనులు చేస్తోంది? ఆ పనులన్నీ కొత్తదాంట్లో ఎవరికి అప్పగిస్తున్నాం? కొత్తది మోపే బరువు ఏ చోట దిగుతుంది, ఆ చోటు దాన్ని తట్టుకుంటుందా? మూడింటికీ జవాబు ఉంటే విప్పండి. లేకపోతే బుష్‌లు మార్చి చూడండి.